ఉత్తుత్తి అయస్కాంతం

కళ్ళు తెరిచే ఉంచాలట. నిద్రపోకూడదట. కళ్ళకు పైన బిగించిన చిన్న అద్దంలో కనబడే కూడిక గుర్తును చూస్తూ పడుకోవాలట, ప్రత్యేకంగా దేని గురించీ ఆలోచించకూడదట. మిగతావన్నీ సరే, ఆ ఆఖరిది ఎలా కుదురుతుందని అడిగితే యంత్రం దగ్గరి అమ్మాయి నవ్వింది. "మనసు ఎటు పోతే అటు పోనివ్వండక్కా, మీరు మాత్రం దాని వెంట పడకండి" అంది. చెప్పినంత తేలికా? నలభై ఆరేళ్ళ మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తలకు ప్లాస్టిక్ పంజరం బిగించి, చెవులకు మూతలు పెట్టి, భయమేస్తే నొక్కమని చేతిలో రబ్బరు బంతి ఇచ్చి, సొరంగంలోకి తోసేసి, ఇప్పుడు ఏమీ ఆలోచించకు అంటారా? అసలు ఆలోచించడానికి ఇంతకన్నా అనువైన చోటు నాకెక్కడ దొరుకుతుంది? ఇంట్లో దొరికిందా, బస్సులో దొరికిందా? యాభై నిమిషాల పాటు ఎవరూ నన్ను పిలవరు, ఏదీ అడగరు, నా ముఖం చూసి ఇవాళ ఎలా ఉందో అని లెక్కలు కట్టరు. గోడ అవతల ఎవరో డబ్బాలో రాళ్ళు పోసి ఊపుతున్నట్టు మోత మొదలైంది. ఆలోచిస్తాను. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫ్యాక్టరీలో మేనేజరు ముందు నిలబడాలి. బయట వరండాలో మా ఆయన చొక్కా జేబులో మడత పెట్టిన కాయితంతో ఎదురుచూస్తున్నాడు. ఆలోచించక చస్తానా.

ఈ సొరంగంలో పడుకోవడం ఇది మూడోసారి. వైద్యం మొదలుపెట్టక ముందు ఒకసారి మెదడు ఫొటోలు తీశారు, ఆరు వారాల వైద్యం అయ్యాక ఇంకోసారి, ఆ తరవాత ఆరు నెలలకు ఇప్పుడు. మాత్రలకు లొంగని డిప్రెషన్ ఉన్నవాళ్ళ కోసం జరిగిన పరిశోధన ఇది. తల మీద, ఎడమ కణతకు కొంచెం పైన, అయస్కాంతపు చుట్ట ఒకటి ఆనించి టకటకమని దెబ్బలు కొడతారు. రోజుకు అరగంట, మొత్తం ముప్ఫై సార్లు. నూట ఇరవై మందిలో సగం మందికి నిజమైన అయస్కాంతం, సగం మందికి ఉత్తుత్తిది. ఉత్తుత్తి దానికీ అదే చప్పుడు, నెత్తి మీద అదే చిటుకు చిటుకు, లోపలికి మాత్రం ఏమీ వెళ్ళదు. ఎవరికి ఏది పెడుతున్నారో మాకు తెలియదు, పెట్టే అమ్మాయికి తెలియదు, జబ్బు ఎంత తగ్గిందో మార్కులు వేసే డాక్టరమ్మకు తెలియదు. ఇదంతా ముందే నాకు రెండుసార్లు చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు, అందులో మోసమేమీ లేదు. పది రోజుల కిందట ఉత్తరం వచ్చింది. పరిశోధన ముగిసింది, పాల్గొన్నందుకు కృతజ్ఞతలు, మీది రెండో గుంపు. రెండో గుంపంటే ఉత్తుత్తి గుంపు. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు, పొద్దుటి పిల్లల్ని దింపి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే చదివాడు. "అంటే ఆ ముప్ఫై రోజులూ నీకు ఏమీ చెయ్యలేదా?" "లేదట." "మరి తగ్గిందిగా?" "తగ్గింది." కాసేపు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, "అయితే అంత పెద్ద జబ్బేం కాదన్నమాట" అన్నాడు. వెటకారంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. సంతోషంగా అన్నాడు. గుండెల మీంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలి మరీ అన్నాడు. అదే నన్ను కోసింది. ఉత్తరం చివర, ఈ మూడో ఫొటోకు రావడం మీ ఇష్టం, రాకపోయినా ఫరవాలేదు అని రాశారు. మా ఆయన కూడా ఎందుకిక అన్నాడు. అందుకే వచ్చాను.

పెద్ద జబ్బు కాదా? నేను కొలతల మనిషిని. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర నిలబడ్డాను. పంపు లోపల తిరిగే ఇనుప కడ్డీని షాఫ్టు అంటాం. అది వెంట్రుకలో పదో వంతు లావెక్కువైతే పట్టేస్తుంది, తక్కువైతే కొట్టుకుంటుంది. మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి, మెల్లగా తిప్పి, అంకె చూసి, మంచిదైతే కుడివైపు, కాకపోతే ఎర్ర డబ్బాలో. మా విభాగం పెద్దాయన్ని అందరూ మైక్రాన్ మాస్టారు అంటారు, మెచ్చుకోలు కూడా కొలిచే ఇస్తాడు. "ఆవిడ కన్ను తప్పదు" అన్నాడొకసారి నా గురించి, పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి. రెండున్నరేళ్ళ కిందట ఆ కన్ను తప్పింది. ఎవరూ పోలేదు, ఎవరూ తిట్టలేదు, ఇంట్లో నాలుగు గోడలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కారణం ఏంటని అడిగిన ప్రతివాళ్ళకూ కారణం లేకపోవడమే నా తప్పులా కనబడింది. దుఃఖమా అంటే దుఃఖం కూడా కాదు, దుఃఖమైతే ఏడ్చి ముఖం కడుక్కునేదాన్ని. బ్రష్షు మీద పేస్టు వేసుకుని నిలబడితే, అది జారి సింకులో పడేదాకా చెయ్యి నోటిదాకా లేచేది కాదు. మైక్రోమీటరులో అంకె కనబడేది, లోపలికి వెళ్ళేది కాదు. ఒకరోజు మూడు వందల పన్నెండు తప్పుడు షాఫ్టులు కుడివైపు పెట్టాను. మాస్టారు అరవలేదు, అరిచినా బాగుండేది. మర్నాటి నుంచి నన్ను ప్యాకింగ్‌లోకి మార్చారు, ఆ తరవాత నెలకు నేను మంచం దిగడం మానేశాను. సెలవు చీటీ చేతిలో పట్టుకుని మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. "నడుము నొప్పి అని రాస్తున్నాను, సరేనా?" గోడవైపు తిరిగే సరే అన్నాను. అలా పుట్టింది నా నడుము నొప్పి. ఎంత ముద్దుగా పెరిగిందో! పక్కింటావిడ వేడినీళ్ళ సంచి తెచ్చిచ్చింది. మా ఆడపడుచు ఫోను చేసి గట్టి పరుపు మంచిదంది. స్కూలు బస్సు డ్రైవర్లందరూ నడుముకు ఏ పట్టీ మంచిదో వాదించుకుని, చివరికి ఒకటి కొని పంపించారు. నడుముకు లోకంలో ఎంత మర్యాదో! అందులో పావువంతు మెదడుకు దొరికినా ఆ రోజే లేచి కూర్చునేదాన్నేమో.

"అక్కా, బాగున్నారా? మొదటిది అయిపోయింది. ఇప్పుడింకోటి, ఎనిమిది నిమిషాలు. అస్సలు కదలకండి."

బాగున్నాను. ఈసారి మోత వేరు, తలుపు మీద ఎవరో ఆగకుండా బాదుతున్నట్టు. అంత పెద్ద జబ్బేం కాదన్న మాటకు నా దగ్గర ఒక జవాబుంది, అది మా ఆయనకూ తెలుసు, ఇద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. జ్వరం. ఆయన సాయంత్రం బస్సు తీసుకుని వెళ్ళాడు. నేను వెనక గదిలో, అది ముందు గదిలో. "అమ్మా, దాహం" అంది. వినబడింది. చెవుడు లేదు నాకు. లేవాలని తెలుసు, గుమ్మం ఎంత దూరమో కూడా తెలుసు, ఏడడుగులు. కాళ్ళున్నాయి, నడుము నిక్షేపంగా ఉంది. లేవలేదు. దాహమని మూడుసార్లు అంది, నాలుగోసారి అనలేదు. కాసేపటికి చిన్న అడుగుల చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు, గుడ్డ పిండిన చప్పుడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన వచ్చేసరికి అది తన నుదుటి మీద తనే తడిగుడ్డ వేసుకుని నిద్రపోయింది. ఇంకో తడిగుడ్డ మడత పెట్టి ఉంది, నా నుదుటి మీద. అమ్మ లేవట్లేదంటే అమ్మకీ జ్వరమే అనుకుంది పిచ్చితల్లి. ఆయన ఆ గుడ్డ తీసి, ఎటూ చూడకుండా, దండెం మీద ఆరేశాడు. ఇప్పుడు చెప్పండి, అది నాటకమా? ఏ తల్లి ఆడుతుంది ఆ నాటకం, ఎవరి చప్పట్ల కోసం? కన్నీళ్ళు పక్కలకు జారి చెవి మూతల కిందికి పోతున్నాయి, చక్కిలిగిలి పెడుతున్నాయి, తుడుచుకోవడానికి లేదు. ఏడవడానికి కూడా కదలక తప్పదని ఇక్కడ పడుకుంటే గాని తెలియలేదు నాకు.

"అక్కా, కొంచెం కదిలారు. బొమ్మ చెదిరింది. ఇది మళ్ళీ తియ్యాలి, ఫరవాలేదా?"

"తియ్యండి."

ఎన్నిసార్లైనా తియ్యండి. నాకేం తొందర లేదు. ఈ గొంతు నాకు ముప్ఫై పొద్దులు అలవాటు. అయస్కాంతపు చుట్ట పెట్టే అమ్మాయి కాబట్టి మనసులో చుట్టమ్మాయి అని పిలుచుకునేదాన్ని, ఆఖరికి నిజంగానే చుట్టమైపోయింది. మొదటి వారంలో నాతో మాట్లాడించడానికి దానికి తాతలు దిగొచ్చారు. "గత వారంలో మీ విచారానికి సున్నా నుంచి ఆరు వరకు ఎంత వేస్తారక్కా?" నేను గోడ వంక చూసేదాన్ని. రెండో వారంలో ఒకరోజు "నాలుగుంపావు" అన్నాను. "పావులు లేవక్కా, నాలుగో అయిదో చెప్పాలి." "పావు కూడా కొలవలేని దాంతో ఏం కొలుస్తారు మీరు?" అన్నాను. అది కలం కింద పెట్టి నవ్వింది. నేను నవ్వలేదు గాని, ఎవరినో నవ్వించానన్న సంగతి గమనించాను. రోజూ ఏడింటికి బయల్దేరి రెండు బస్సులు. నాలుగో వారంలో బస్సులో ఒకాయన తన పెట్టె తెచ్చి నా పాదం మీద పెట్టాడు. ఆ ముందు రెండేళ్ళలో అయితే ఆయన దిగేదాకా మోసేదాన్ని. ఆ రోజు ఒంట్లో ఎక్కడో అడుగున అంటుకుంది, పొట్టలోంచి పైకి లేచింది, గొంతుకొచ్చింది. "అది బల్ల కాదు, నా కాలు!" అన్నాను. బస్సంతా తిరిగి చూసింది. ఆయన క్షమించమని పెట్టె తీశాడు, నేను మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నాను, ఆయన్ని కాదు, లోపలున్నదాన్ని. కోపం. నా కోపం. పోగొట్టుకున్న వస్తువు పాత సంచిలో దొరికినట్టు. అందరికీ బాగుపడ్డప్పుడు నవ్వు తిరిగొస్తుందేమో, పూలు అందంగా కనబడతాయేమో, నాకు కోపం తిరిగొచ్చింది. ఆ పూట చుట్టమ్మాయికి ఆ ముక్క చెబితే కాయితం మీద రాసుకుని, పక్కన ఒక నక్షత్రం గీసింది. ఉత్తరం వచ్చిన రోజు దాని నుంచి ఫోను. "నాకూ తెలీదక్కా, ఒట్టు. మీ కార్డు పెడితే నిజందో ఉత్తుత్తిదో యంత్రమే చూసుకుంటుంది. మీకు నిజందే పెడుతున్నాననుకున్నాను" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరుకోబెట్టడం నా వంతైంది. బాగుపడ్డది నేను, ఏడ్చింది అది, ఈ లోకం తీరే అంత.

ఇక నన్ను బాగుచేసిన ఘనతకు ఎంతమంది వారసులో. ఉత్తుత్తిదని తెలిసినప్పటి నుంచి ఆ కుర్చీ ఖాళీ అయిందిగా, అందరూ కూర్చోవాలనే చూస్తున్నారు. మాత్రలే మెల్లగా పనిచేశాయంటాడు మా ఆయన, అవే మాత్రలు అంతకు ముందు ఏడాదిగా మింగుతున్నదాన్ని నేనే. పొద్దున్నే లేచి ఎండలో నడవడం వల్లనంటుంది పక్కింటావిడ. నయమవుతుందన్న నమ్మకం వల్ల కావచ్చంటారు చదువుకున్నవాళ్ళు, నాకా రోజుల్లో నమ్మకమే ఉంటే డాక్టరు ఎందుకు? కావచ్చు, అన్నీ కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. చెప్పకుండా వచ్చింది, చెప్పకుండా పోయింది, మధ్యలో ఉన్నది నేను. రాసుకోండి ఆ ముక్క. మొన్న డాక్టరమ్మను అడిగాను, నా మెదడు ఫొటో చూసి చెప్పలేరా ఏం జరిగిందో అని. "ఒక్కరి ఫొటోతో చెప్పలేమమ్మా. నూట ఇరవై మందివీ కలిపి చూస్తే ఏదైనా కనబడొచ్చు, కనబడకపోనూవచ్చు" అంది. ఆవిడ మీద గౌరవం ఆ మాటతోనే పెరిగింది. ఒక్క షాఫ్టు కొలిచి మిషను ఎలా నడుస్తోందో చెప్పేవాణ్ణి మేమూ నమ్మం. మరి ఉత్తుత్తి గుంపు దేనికి అంటే, అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు మైక్రోమీటరు దవడలు ఖాళీగా మూసి సున్నా చూసుకుంటాం. సున్నా తప్పితే ఆ రోజు కొలిచిందంతా తప్పే. ఉత్తుత్తి అరవై మందిమి ఆ సున్నా. మమ్మల్ని పక్కన పెట్టుకుంటేనే నిజమైన అయస్కాంతం ఎంత పనిచేసిందో, అసలు చేసిందో లేదో తేలేది. మా ఆయన సున్నా అంటే ఏమీ లేదనుకుంటున్నాడు. నేను సున్నానే. నన్ను తీసేసి కొలవండి చూద్దాం!

ఇవన్నీ ఇక్కడ పడుకుని బాగానే వస్తున్నాయి. నిన్న సాయంత్రం మాత్రం నోట మాట రాలేదు. అమ్మాయి హోంవర్కు చేసుకుంటూ, తలెత్తకుండా అడిగింది. "నాన్నేమో నడుమన్నాడు. డాక్టరేమో డిప్రెషనంది. ఉత్తరమేమో వైద్యమే ఉత్తుత్తిదంటోంది. ఇంతకీ నీకేమైందమ్మా?" గొంతులో కోపం లేదు, అనుమానం కూడా లేదు, లెక్కలో చివరి మెట్టు దొరకనప్పుడు అడిగే గొంతు అంతే. పద్నాలుగేళ్ళ పిల్లకు ఎన్ని అబద్ధాలు అప్పజెప్పాం మేమిద్దరం! నేను నోరు తెరిచేలోపు మా ఆయన "అమ్మకి ఇప్పుడు బాగుందిగా, అదే ముఖ్యం" అని మాట దాటేసి, ఇది చూడమంటూ ఆ కాయితం తీశాడు. ఎవరో తెలిసిన ఎముకల డాక్టరు చేత రాయించుకొచ్చాడు. వెన్నుపూస జబ్బు, పూర్తి విశ్రాంతితో నయమైంది, నిలబడి చేసే పనికి తగిన స్థితిలో ఉన్నారు. కింద ముద్ర. కాయితం ఎంత తెల్లగా ఉందో. ఇది మేనేజరుకిస్తే మారు మాట్లాడకుండా బల్ల తిరిగిచ్చేస్తాడట. నిజమే, ఇచ్చేస్తాడు. రేపు మళ్ళీ పేస్టు జారి సింకులో పడిన రోజు ఏం చెయ్యాలి? మళ్ళీ నడుమేనా? ఈసారి మోకాలా? లేని నొప్పికి ముద్ర వేసిన కాయితం ఉంది, ఉన్న జబ్బుకు లేదు. ఉత్తుత్తి అయస్కాంతమన్నా నయం, అది ఉత్తుత్తిది కావచ్చని ముందే చెప్పి, చివర ఉత్తుత్తిదేనని చెప్పి, సంతకం కూడా పెట్టింది. చాలు. ఇంక నా వల్ల కాదు. నొప్పి పెట్టని నడుముకు రెండేళ్ళు సేవ చేశాను, ఇక దాన్ని వదిలేస్తున్నాను.

మోత ఆగింది. ఆగిన చోట నిశ్శబ్దం కాసేపు గుయ్యిమంది. బల్ల మెల్లగా బయటికి జరిగింది, పైకప్పు మీద దీపాలు ఒకటొకటిగా వచ్చాయి, చుట్టమ్మాయి పంజరం విప్పి నా చెంపల వంక చూసి, దూది ముక్క అందించింది.

డాక్టరమ్మ గది చిన్నది, బీరువా తలుపు తీస్తే కుర్చీకి తగిలేంత. ఫ్యాక్టరీకి ఉత్తరం కావాలని ముందే చెప్పి ఉంచాను కాబట్టి కాయితం సిద్ధంగా పెట్టుకుంది. "పరిశోధనలో పాల్గొన్నారు, జబ్బు తగ్గింది, పనికి తగినవారు అని రాస్తానమ్మా. ఏ గుంపో రాయక్కర్లేదు. వాళ్ళకు లేనిపోని అనుమానం ఎందుకు?"

"రాయండి మేడమ్."

"ఏది?"

"అన్నీ. జబ్బు పేరు, ఎన్నాళ్ళుంది, ఎలా ఉండేది. అయస్కాంతం ఉత్తుత్తిదని. తగ్గిందని. ఎందుకు తగ్గిందో తెలియదని."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఎందుకు తగ్గిందో తెలియదని నా సంతకం పెట్టి రాయమంటారా?"

"తెలుసా మరి?"

ఆవిడ నవ్వింది. "తెలియదు."

"అయితే రాయండి."

రాసింది. గుండ్రటి అక్షరాలు, ఎవరైనా చదవగలిగేవి. నిజమైన అయస్కాంతంతో వైద్యం కావాలంటే మా గుంపువాళ్ళకు ఇప్పుడు చేస్తారట, ఆ మాట గుర్తుచేసింది. "ఇప్పుడొద్దు మేడమ్. నాకిప్పుడు జబ్బు లేదు. మళ్ళీ వచ్చిందనుకోండి, మొదటి వారంలోనే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాను, నిజందే పెట్టించుకుంటాను" అన్నాను. తలూపింది. ఉత్తరం ఇంకో కాపీ కావాలంటే, అదెవరికని అడిగింది. "మా అమ్మాయికి. అడిగింది, జవాబు చెప్పాలి." ఆవిడ రెండోది యంత్రంలో తియ్యకుండా మళ్ళీ చేత్తోనే రాసింది, అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేసి.

మా ఆయన స్కూటరు మీద ఫ్యాక్టరీకి తీసుకొచ్చాడు. గేటు ఎదుట ఆపి, హెల్మెట్ తియ్యకుండానే జేబులోంచి తన కాయితం తీసి చాచాడు. "ఇదిచ్చెయ్. గొడవుండదు."

"మీ దగ్గరే ఉంచుకోండి. పొద్దస్తమానం స్టీరింగు ముందు కూర్చునే ఉద్యోగం మీది, ఎప్పటికైనా పనికొస్తుంది."

"వేళాకోళాలొద్దు. నలుగురూ ఏమనుకుంటారో ఆలోచించు."

"ఏమనుకుంటారు? ఎద్దు పుండు కాకికి నొప్పా? నాలుగు రోజులు పొడుస్తారు, అయిదో రోజు ఇంకో ఎద్దు దొరుకుతుంది."

ఆయన హెల్మెట్ తీశాడు. జుట్టు చెమటకు అంటుకుపోయి ఉంది. "పిచ్చంటారేమోనని భయమేసింది నాకు. నిన్నేమైనా అంటే పడలేననిపించింది." గేటు వైపు చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు, "పెద్ద జబ్బు కాదన్నాను మొన్న. తప్పు మాట. ఆ రోజు నీ నుదుటి మీద గుడ్డ తీసింది నేనేగా. నాకు తెలీదా?"

మేమిద్దరం ఎప్పుడూ అనుకోని మాట అలా ఎండలో, స్కూటరు పక్కన, లారీ హారన్ల మధ్య బయటపడింది. ఆయన చొక్కా కాలరు సరిచేశాను. లోపలికి రానా అన్నాడు. వద్దన్నాను. మూడింటికి పిల్లలు ఎదురుచూస్తారు, ఆలస్యమైతే ఆ చిన్నవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఏడుస్తారు.

మేనేజరు ఉత్తరం చదువుతున్నంతసేపూ మైక్రాన్ మాస్టారు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. ఆయన్ని కూడా పిలిపించారని నాకు తెలియదు. మేనేజరు మళ్ళీ మొదటికొచ్చి చదివాడు. "ఇక్కడ ఫైల్లో రెండేళ్ళుగా నడుము నొప్పి అనుందమ్మా."

"అది అబద్ధం సార్. నడుముకేం కాలేదు. ఈ ఉత్తరంలో ఉన్నది నిజం."

"ఇందులోనేమో వైద్యం చెయ్యలేదనుంది."

"చెయ్యలేదు."

"మరి తగ్గిందంటున్నారు."

"జ్వరం కూడా ఒక్కోసారి మందు లేకుండా తగ్గుతుంది సార్. తగ్గింది కదా అని జ్వరమే రాలేదంటామా?"

"మళ్ళీ వస్తే?"

"రావచ్చు. వస్తే ఆ రోజే మీ దగ్గరికొచ్చి పేరు పెట్టి చెప్తాను. అంకె కనబడనప్పుడు బల్ల దగ్గర నిలబడను."

ఆయన కలంతో ఉత్తరం అంచు మీద కొట్టాడు. సెలవు చీటీల్లో తప్పుడు కారణం రాసినందుకు మెమో ఇవ్వక తప్పదన్నాడు, ఈ ఏడాది ప్రమోషను జాబితాలో పేరుండదన్నాడు. మడమలు నేలకు గట్టిగా అదిమిపెట్టాను. "ఇవ్వండి సార్. ఇచ్చేదేదో అసలు జబ్బు పేరు రాసి ఇవ్వండి. మళ్ళీ నడుమని రాయకండి." ఆయన మాస్టారి వైపు తిరిగాడు. మాస్టారు కిటికీ వదలకుండానే, "మూడు వందల పన్నెండు" అన్నాడు. "అవును మాస్టారూ" అన్నాను. ఒక్కటి కూడా తగ్గించి చెప్పదలుచుకోలేదు. ఆయన మేనేజరుతో అన్నాడు, "నెల రోజులు ఆవిడ కొలిచినవన్నీ నేను మళ్ళీ కొలుస్తాను. తరవాత చూద్దాం."

"కొలవండి" అన్నాను. "మీరు కొలిచినవి నేనూ కొలుస్తాను."

మేనేజరు దగ్గాడు. మాస్టారు మాత్రం మొదటిసారి ఇటు తిరిగాడు. ముఖంలో ఏమీ లేదు, ఆ ముఖంలో ఎప్పుడూ ఏమీ ఉండదు. రేపు పొద్దుటి షిఫ్టుకు రమ్మన్నారు. బయటికొచ్చి, నూనె మరకల వరండాలో సగం దూరం నడిచానో లేదో వెనక అడుగుల చప్పుడు. మాస్టారు. నా పక్కన నడిచాడు గాని నావైపు చూడలేదు, గోడ మీద అంటించిన భద్రతా సూచనలు కొత్తగా చదువుతున్నవాడిలా చూస్తున్నాడు.

"ఆ ఆసుపత్రికి ఏ బస్సు?"

ఎవరికని అడగబోయి ఆగిపోయాను. "రెండు మారాలి మాస్టారూ" అన్నాను. నంబర్లు చెప్పాను, ఎక్కడ దిగాలో, ఏ గేటు, ఏ అంతస్తు, డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందో చెప్పాను. ఆయన చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కొలతలు రాసుకునేదే, చిన్న చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. అవతల మిషన్లు నడుస్తున్నాయి, ఎవరికీ వినబడదు, అయినా ఆయన గుసగుసగానే అడుగుతున్నాడు, నేను మాత్రం గొంతు తగ్గించలేదు.

"పొద్దున్నే ఏడింటికల్లా బయల్దేరాలి. దారిలో తెలిసినవాళ్ళు తగిలి ఎక్కడికని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి."

కలం కాసేపు కాయితం మీద నిలబడిపోయింది. తరవాత ఆయన అది కూడా రాసుకున్నాడు.